కారుకు పాత బంపర్: కొనేముందు చూడాల్సిన చోట్లు

ఇప్పటి కార్లలో బంపర్ ఒక్క వస్తువు కాదు, మూడు పొరలు. పైకి కనిపించేది, రంగు వేసి ఉండేది పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్‌తో చేసిన తొడుగు. దాని వెనక చాలా కార్లలో నురుగు ప్లాస్టిక్ దిమ్మె ఉంటుంది. తగిలిన దెబ్బకు తాను నలిగి, ఆ శక్తిని తనలో కలిపేసుకోవడం దాని పని. అన్నింటికన్నా లోపల, ఛాసిస్ నుంచి ముందుకు పొడుచుకొచ్చే రెండు కొమ్ములకు అడ్డంగా బోల్టులతో బిగించిన లోహపు దూలం ఉంటుంది. గట్టి దెబ్బను రెండు కొమ్ములకూ పంచేది అదే. బజారులో పాత బంపర్ పేరుతో చేతికొచ్చేది దాదాపు ఎప్పుడూ పై తొడుగు ఒక్కటే. ఈ వ్యాసంలో బంపర్ అన్నచోటల్లా ఆ తొడుగే.

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్ల కాలంలో బంపర్ అంటే క్రోమ్ పూత పూసిన ఇనుప బద్ద. బాడీకి కాస్త ఎడంగా, బోల్టుల మీద నిలబడేది. నాలుగైదు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయినా కంటికి ఆనేది కాదు. 1972లో ఫ్రాన్సులో రెనో 5 కారు ప్లాస్టిక్ బంపర్లతో రోడ్డెక్కింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో ప్రపంచమంతా అదే దారి పట్టింది. ప్లాస్టిక్ వచ్చాక బంపర్ బాడీలో కలిసిపోయింది. ఈనాటి ముందు బంపర్‌కు ఒక్కసారిగా ఎన్నో ఇరుగుపొరుగులు: పైన బోనెట్, గ్రిల్, పక్కల హెడ్‌లైట్లు, ఫెండర్లు, చక్రాల గూడు లోపలి నల్ల ప్లాస్టిక్, కింద ఇంజిన్ కింది కవచం. వీటన్నిటితోనూ సరిగ్గా కుదిరితేనే ఫిట్టింగ్ కుదిరినట్టు. ఒక్కచోట తప్పినా ఆ తప్పు మరోచోట గ్యాప్‌గా బయటపడుతుంది.

పాత బంపర్ల గిరాకీకి చవక ఒక్కటే కారణం కాదు. మన దేశంలో మామూలు సమగ్ర బీమాలో రబ్బరు, నైలాన్, ప్లాస్టిక్ భాగాలకు 50 శాతం తరుగు తీసేస్తారు. ఆ తరుగు పడకుండా జీరో డిప్రిసియేషన్ అనే అదనపు రక్షణ తీసుకోని కారుకు బంపర్ పగిలితే, కొత్తదాని ధరలో సగమే బీమా నుంచి వస్తుంది. అందులోనూ 1,500 సీసీ వరకు ఇంజిన్ ఉన్న కార్లకు 1,000 రూపాయలు, అంతకు మించితే 2,000 రూపాయలు యజమాని తప్పనిసరిగా భరించాలి. క్లెయిమ్ చేసినందుకు అప్పటిదాకా కూడిన నో క్లెయిమ్ బోనస్ పోతుంది. అది మొదటి ఏడాది తర్వాత 20 శాతంతో మొదలై 50 శాతం దాకా పెరిగే తగ్గింపు. లెక్క వేసుకుంటే చిన్న కారు బంపర్‌కు క్లెయిమ్ చేయడం నష్టమని తేలే సందర్భాలే ఎక్కువ.

యాదాద్రి భువనగిరి జిల్లా మోత్కూర్ లాంటి పట్టణంలో కారు బంపర్ పగిలితే డెంటింగ్, పెయింటింగ్ షెడ్డు వాళ్లు రెండు దారులు చెబుతారు. ఒకటి షోరూం, రెండోది హైదరాబాద్‌లోని పాత విడిభాగాల దుకాణాలు. విజయవాడ జాతీయ రహదారి మీద వనస్థలిపురం దగ్గరున్న ఆటోనగర్ మోత్కూర్‌కు వంద కిలోమీటర్లలోపే. ఆంధ్ర వైపు వాళ్లకు అలాంటి చోటు విజయవాడ జవహర్ ఆటోనగర్. ఇంత దూరం పోయి తెచ్చిన బంపర్ షెడ్డులో కూర్చోకపోతే బండి కిరాయి, ఒక రోజు కూలి, ఒక్కోసారి బంపర్ ధర కూడా పోయినట్టే. అందుకే చూడాల్సినవన్నీ దుకాణం దగ్గరే చూసుకోవాలి, వాటిలో కొన్ని ఇల్లు కదలకముందే చూసుకోవాలి.

ఇంటి దగ్గర తేల్చుకోవాల్సిన మొదటి సంగతి, కారు సరిగ్గా ఏది అన్నది. "స్విఫ్ట్ బంపర్ కావాలి" అంటే ఏమీ చెప్పనట్టే. మారుతి స్విఫ్ట్ మన దేశంలో 2005లో వచ్చింది. 2011లో రెండో తరం, 2018లో మూడో తరం, 2024లో నాలుగో తరం వచ్చాయి. తరం మారితే ఏ బంపరూ పనికిరాదు. రెండో తరం కారు వెడల్పు 1,695 మి.మీ., మూడో తరం వెడల్పు 1,735 మి.మీ. ఆ 40 మి.మీ. తేడాను ఏ స్క్రూ, ఏ సుత్తి సరిచేయలేవు. తరం తేడా కంటికే కనిపిస్తుంది కాబట్టి అక్కడ మోసపోయేవాళ్లు తక్కువ. అసలు తిప్పలు ఒకే తరం మధ్యలో వచ్చే మార్పులతోనే. రెండో తరం స్విఫ్ట్‌కు 2014 అక్టోబరులో ముందు బంపర్ మార్చారు. బాడీ అదే, బోనెట్ అదే, బంపర్ మాత్రం వేరు. 2012 అక్టోబరులో వచ్చిన ఆల్టో 800కు 2016 మేలో బంపర్లు మార్చినప్పుడు కారు పొడవు 3,395 మి.మీ. నుంచి 3,430 మి.మీ.కు పెరిగింది. గ్రాండ్ ఐ10కు 2017 ఫిబ్రవరిలో, బలెనోకు 2019 జనవరిలో ముందు భాగం మారింది. ఇలాంటి కార్లలో మారకముందు బంపర్ మారిన కారుకు దాదాపు సరిపోయినట్టే అనిపిస్తుంది. నాలుగు చోట్ల కూర్చుని అయిదో చోట, సాధారణంగా గ్రిల్ దగ్గరో ఫాగ్ లైటు గూటి దగ్గరో, మొరాయిస్తుంది.

తయారైన సంవత్సరం ఒక్కటీ చూసి నమ్మడం కూడా ప్రమాదమే. డిజైర్ రెండో తరం 2012లో వచ్చాక మొదటి తరం కారును కంపెనీ ఆపేయలేదు. టాక్సీల కోసం డిజైర్ టూర్ పేరుతో ఇంకొన్నేళ్లు అమ్మింది. 2017లో మూడో తరం వచ్చాక రెండో తరానిదీ అదే కథ, టూర్ ఎస్ పేరుతో. అంటే 2015లో తయారైన రెండు డిజైర్లు పక్కపక్కన నిలబెడితే ఒకదాని బంపర్ రెండోదానికి పట్టకపోవచ్చు. జిల్లాల్లో సొంత బండ్లుగా తిరిగే పాత డిజైర్లలో ఒకప్పుడు టాక్సీలైనవి ఉంటాయి. వాటి యజమానులు ఈ తేడా మరీ జాగ్రత్తగా చూసుకోవాలి.

ఆర్‌సీలో రిజిస్ట్రేషన్ తేదీతో పాటు తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. చూడాల్సింది తయారైన నెలనే. మోడల్ మారే రోజుల్లో పాత సరుకు షోరూంలో నెలల తరబడి ఉండిపోతుంది. మార్పు అయిన ఏడాదిలో రిజిస్టరైన కారుకు పాత ముఖమే ఉండవచ్చు. నంబర్ ప్లేటు కూడా దుకాణంలో స్థూలంగా కాలం చెబుతుంది. ఏపీ 24 నంబరున్న కారు 2014లో తెలంగాణ ఏర్పడకముందు నల్లగొండలో రిజిస్టరైంది. టీఎస్ 05 ఆ తర్వాతిది. 2016 అక్టోబరులో యాదాద్రి భువనగిరి జిల్లా ఏర్పడి మోత్కూర్ అందులోకి వచ్చాక టీఎస్ 30 నంబర్లు వచ్చాయి, 2024 మార్చి నుంచి టీజీ 30. ఇది అంచనాకు పనికొస్తుంది కానీ ఆర్‌సీలో తయారీ నెలకు బదులు కాదు.

పదిహేడు అక్షరాల ఛాసిస్ నంబరు దగ్గర పెట్టుకుంటే షోరూం విడిభాగాల కౌంటర్‌లో ఆ కారుకు తగిన పార్టు నంబరు చెప్పగలరు. బంపర్ కొనకపోయినా ఈ ఒక్క నంబరు రాయించుకోవడం మేలు. పార్టు నంబర్లలో కంపెనీలు పాటించే క్రమం కొనేవారికి బాగా అక్కరకొస్తుంది. సుజుకీ కార్లలో ముందు బంపర్ నంబరు 71711తో, వెనక బంపర్ 71811తో మొదలవుతుంది. హ్యుందాయ్, కియా కార్లలో ముందుది 86511, వెనకది 86611. టొయోటాలో 52119, 52159. హోండాలో 71101, 71501. మొదటి అయిదు అంకెలు అది ఏ భాగమో చెబుతాయి, తర్వాతి అంకెలు, అక్షరాలు ఏ మోడల్‌దో చెబుతాయి. మొదటి అయిదు కలిసినంత మాత్రాన ఏమీ తేలదు, మోడల్ భాగం కలిసిందా అన్నదే ప్రశ్న. చివరి రెండు మూడు అక్షరాలు చాలాసార్లు రంగుకు, పైపూతకు సంబంధించినవి. అవి తేడాగా ఉన్నా ఫిట్టింగ్‌కు ఇబ్బంది లేదు.

ఈ నంబరు బంపర్ మీద ఎక్కడుంటుందో తెలియక చాలామంది వెతకరు. బంపర్‌ను బోర్లించి లోపలి వైపు చూడాలి. దుమ్ము, మట్టి తడిబట్టతో తుడిస్తే ప్లాస్టిక్‌లోనే ఉబ్బెత్తుగా పోతపోసిన అక్షరాలు కనిపిస్తాయి. అక్కడ సాధారణంగా మూడు రకాల గుర్తులు ఉంటాయి. మొదటిది పార్టు నంబరు. అచ్చులో పోసిన నంబరు కేటలాగు నంబరుతో చివరి అంకెల్లో కొద్దిగా తేడాగా ఉండవచ్చు, ఎందుకంటే ఒకే పోతకు ఫాగ్ లైటు గూడు, రంగు మారితే అమ్మకపు నంబరు మారుతుంది. రెండోది పదార్థం గుర్తు. రెండు కోణపు గుర్తుల మధ్య పీపీ, ఈపీడీఎం, టీ20 అని ఉంటే అది రబ్బరు స్వభావమున్న పాలిమర్, 20 శాతం టాల్క్ పొడి కలిపిన పాలీప్రొపిలీన్. మూడోది గడియారం ముఖంలాంటి చిన్న గుండ్రటి ముద్ర. దాని మధ్యలో ఏడాది చివరి రెండు అంకెలు, చుట్టూ 1 నుంచి 12 దాకా నెలలు, తయారైన నెల వైపు బాణం ఉంటాయి. ఆర్‌సీలో ఉన్న తయారీ నెలకు ఈ ముద్ర దగ్గరగా ఉంటే బంపర్ సరైన కాలానిదే. మార్పు జరిగిన నెలకు అటువైపుదో ఇటువైపుదో కూడా దీనితో తేలిపోతుంది. ఈ గుర్తులేవీ లేకుండా లోపలి వైపు నున్నగా ఉండి, అంచు దగ్గర పల్చగా అనిపిస్తే అది లోకల్ మాల్ అని అనుమానించాలి. పాత బంపర్ల గుట్టలో ఒకరి కారుకు వేసి తీసేసిన డూప్లికేట్ బంపర్లు కూడా కలిసిపోయి ఉంటాయి. సెకండ్ హ్యాండ్ అన్నంత మాత్రాన కంపెనీ పార్టు అని అర్థం కాదు.

ఒకే మోడల్‌లో వేరియంట్ల తేడాలు మరో చిక్కు. తక్కువ వేరియంట్లకు ఫాగ్ లైట్లు ఉండవు, ఆ గూడును నల్ల మూతతో మూసేస్తారు. చాలా కార్లలో బంపర్ తొడుగు ఒకటే, మూత తీసి లైటు పెట్టుకోవచ్చు. కొన్నింటిలో గూడే ఉండదు. వాగన్ఆర్‌లో స్టింగ్‌రే లాంటి ప్రత్యేక వేరియంట్‌కు ముందు భాగమే వేరు. రెండు కంపెనీల పేరుతో అమ్ముడయ్యే కవల కార్లలో కూడా చూసుకోవాలి. 2020లో వచ్చిన టొయోటా అర్బన్ క్రూయిజర్ వెనక నుంచి చూస్తే బ్రెజానే, ముందు బంపర్ మాత్రం తనదే.

నంబరు కలిశాక బంపర్ ఆరోగ్యం చూడాలి. ఇక్కడ పైవైపు గీతలకన్నా అంచుల్లోని చెవులు ముఖ్యం. గీతలు రంగులో పోతాయి, విరిగిన చెవి తిరిగి రాదు. బంపర్‌ను పట్టి ఉంచేవి కొన్నే చోట్లు. పై అంచున బోనెట్ కిందికి వెళ్లే భాగంలో స్క్రూలు, క్లిప్పుల రంధ్రాలు. రెండు మూలల్లో ఫెండర్ కింద అమర్చిన ప్లాస్టిక్ బ్రాకెట్‌లోకి జారి టక్కున పట్టుకునే గాళ్లు. చక్రాల గూట్లో పక్కకు ఒకటి రెండు స్క్రూలు. కింద కవచానికి కలిపే క్లిప్పులు. ప్రమాదంలో మొదట విరిగేవి మూలల్లోని గాళ్లే. పాత కార్ల నుంచి బంపర్ ఊడదీసేటప్పుడు క్లిప్పు తీయకుండా గుంజితే విరిగేవీ అవే. దుకాణంలో బంపర్ నునుపుగా, నిగనిగలాడుతూ ఉండి, మూల లోపలి వైపు ఒక గాడి సగం ఊడి ఉంటే, బంపర్ కారు మీద కూర్చున్నాక నాలుగు రోజులకే ఆ మూల నోరు తెరుస్తుంది.

వేలు పెట్టి ఒక్కో చెవినీ తడిమి చూడాలి. సన్నని పగులు కంటికి ఆనదు, వేలికి తగులుతుంది. ప్లాస్టిక్ ఎక్కడైనా తెల్లబారి ఉంటే అది వంగి సాగిన చోటు. పాలీప్రొపిలీన్ ఒత్తిడికి లోనైనప్పుడు లోపల సూక్ష్మమైన ఖాళీలు ఏర్పడి వెలుతురును చెదరగొడతాయి, అందుకే ఆ తెలుపు. పగలకపోయినా ఆ చోటు బలం తగ్గినట్టే. లోపలి వైపు వేడి తీగలతో గుచ్చిన గుర్తులు, కరిగించి అతికిన గట్లు ఉంటే బంపర్ ఒకసారి రిపేరైంది. పాలీప్రొపిలీన్ వేడికి కరిగి మళ్లీ గట్టిపడే ప్లాస్టిక్ కాబట్టి మంచి వెల్డింగ్ నిలుస్తుంది. మధ్య భాగంలో అతుకు ఉంటే సర్దుకోవచ్చు. చెవి దగ్గర అతుకు ఉంటే ఆ బంపర్ వదిలేయడమే మంచిది, ఎందుకంటే బరువంతా మోసేది ఆ చోటే.

తర్వాత ఆకారం. దుకాణాల్లో బంపర్లను ఒకదాని మీద ఒకటి పేర్చో, గోడకు వాల్చో నెలల తరబడి ఉంచుతారు. మీద పడిన బరువు తక్కువే అయినా, ఎండలో వేడెక్కిన ప్లాస్టిక్ మెల్లగా, నిరంతరంగా వంగిపోతుంది. బరువు తీసేసినా పూర్తిగా వెనక్కి రాదు. నిదానంగా వచ్చే ఈ వంపు కొత్తగా తగిలిన దెబ్బకన్నా మోసకరం, ఎక్కడా పగులు ఉండదు కాబట్టి. కనిపెట్టడానికి బంపర్‌ను చదునైన నేల మీద, కారు మీద ఉండే తీరుగానే నిలబెట్టి, రెండు రెక్కల చివరలూ నేలకు ఒకే ఎత్తులో ఉన్నాయా చూడాలి. మధ్య రంధ్రం నుంచి కుడి మూలకు, ఎడమ మూలకు టేపుతో కొలిస్తే రెండూ సమానంగా రావాలి. రెక్కల చివరల మధ్య దూరం కొలిచి, కారు మీద ఆ రెండు చోట్ల మధ్య దూరంతో పోల్చాలి. రెక్కలు కాస్త లోపలికి ముడుచుకుని ఉండటం మామూలే. బిగించేటప్పుడు తెరుచుకుంటాయి. బయటికి విచ్చుకుని ఉంటే అనుమానించాలి.

ఇంటి నుంచి కొలతలు రాసుకుని వెళ్లేటప్పుడు వేడిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. టాల్క్ కలిపిన బంపర్ ప్లాస్టిక్ ఒక్కో మీటరుకు, ఒక్కో డిగ్రీ వేడికి సుమారు 0.07 మి.మీ. పెరుగుతుంది. ఇనుము పెరిగేది 0.012 మి.మీ. మాత్రమే. 1.7 మీటర్ల వెడల్పున్న బంపర్ తెల్లవారుజామున 20 డిగ్రీల దగ్గరుండి, నల్లగొండ ఎండల్లో మధ్యాహ్నానికి 60 డిగ్రీలకు చేరితే దాదాపు 5 మి.మీ. వెడల్పవుతుంది. అదే దూరానికి ఇనుప బాడీ పెరిగేది మిల్లీమీటరుకు తక్కువ. మే నెలలో వాకిట్లో ఎండిన బంపర్ కొలతను నీడలో ఉన్న కారు కొలతతో పోలిస్తే లేని తేడా కనిపిస్తుంది. రెండింటినీ నీడలో, వీలైతే పొద్దునే కొలవాలి. ఈ పెరుగుదల కోసమే చాలా బంపర్లలో మధ్య రంధ్రం గుండ్రంగా, పక్కవి కోలగా పెట్టి ఉంటారు. మధ్యలో బంపర్ కదలకుండా నిలబడుతుంది, పక్కలకు జరగడానికి జాగా ఉంటుంది. ఆ కోల రంధ్రాన్ని ఎవరైనా పెద్ద వాషర్ వేసి బిగించేసినా, కలవని బంపర్‌కు కొత్త రంధ్రం పొడిచి స్క్రూ కొట్టినా, ఎండాకాలంలో బంపర్ రెండు స్క్రూల మధ్య అలలా లేస్తుంది. పాత బంపర్‌లో కంపెనీ పెట్టని రంధ్రాలు కనిపిస్తే, అది అంతకుముందు కారు మీద కూడా సరిగా కూర్చోలేదని అనుకోవచ్చు.

వెనక బంపర్‌లో సెన్సర్ల రంధ్రాలు విడిగా చూడాలి. 2019 జూలై 1 నుంచి మన దేశంలో తయారయ్యే కార్లకు వెనక పార్కింగ్ సెన్సర్లు తప్పనిసరి అయ్యాయి. దానికి ముందు తయారైన అనేక కార్ల వెనక బంపర్లకు ఆ రంధ్రాలే లేవు, కొన్నింటికి బయట కొట్టించిన రంధ్రాలున్నాయి. కంపెనీ సెన్సరు బంపర్ లోపలి వైపు అతికించిన గూట్లో, నిర్ణీత కోణంలో కూర్చుంటుంది. అది పంపే శబ్దం మనిషి చెవికి వినపడనిది, అడ్డు తగిలి తిరిగొచ్చే సమయాన్ని బట్టి దూరం తెలుస్తుంది. గూడు లేని బంపర్‌కు రంధ్రం పొడిచి సెన్సరు తోస్తే కోణం తప్పి, నేలనే అడ్డంకిగా చూసి ఊరికే మోగుతుంది, లేదా నిజమైన అడ్డంకిని చూడదు. సెన్సర్లున్న కారుకు రంధ్రాలు, వాటి వెనక గూళ్లు ఉన్న బంపరే తీసుకోవాలి. సెన్సర్లు లేని పాత కారుకు రంధ్రాలున్న బంపర్ తెచ్చి పుట్టీతో పూడ్చడం కూడా నిలవదు. ప్లాస్టిక్ వంగినప్పుడు పుట్టీ వంగదు, గుండ్రంగా పగులు తేలుతుంది. లోపలి నుంచి అదే ప్లాస్టిక్ ముక్కతో వెల్డింగ్ చేస్తేనే ఆ చోటు నిలుస్తుంది.

ఖరీదైన కొత్త కార్లలో రాడార్ ఉంటుంది. ముందు వాహనంతో దూరం పాటించే రాడార్ గ్రిల్ దగ్గరో కింది బంపర్‌లోనో, పక్క లేన్‌లో వచ్చే వాహనాన్ని పసిగట్టేవి వెనక బంపర్ రెండు మూలల వెనక ఉంటాయి. 77 గిగాహెర్ట్జ్ రాడార్ తరంగం పొడవు 4 మి.మీ. లోపే. దాని దారిలో రెండోసారి వేసిన మందపాటి రంగు, పుట్టీ, అతుకు ఏది ఉన్నా తరంగం బలహీనపడుతుంది, పక్కకు వంగుతుంది. ఇలాంటి కార్లకు రిపేరు చేసిన బంపర్ వద్దు. తొడుగు మార్చాక రాడార్ సరిచూపును కంపెనీ పరికరంతో తనిఖీ చేయించాలి.

నంబర్ ప్లేటు చోటు చిన్నదిగా కనిపించినా వదిలేయకూడదు. హై సెక్యూరిటీ ప్లేటు కార్లకు రెండు కొలతల్లో ఉంటుంది: 500 మి.మీ. పొడవు, 120 మి.మీ. ఎత్తు, లేదా 340 మి.మీ. పొడవు, 200 మి.మీ. ఎత్తు. ప్లేటు బంపర్ మీదే ఉండే కార్లలో ఆ గుంత కారుకున్న ప్లేటు కొలతకు పట్టాలి. ముందు బంపర్‌లో కింది వైపు గొట్టాలు పెట్టడానికి కోసిన పెద్ద రంధ్రాలు ఉంటే, అది బుల్ గార్డ్ కట్టిన కారుదని అర్థం. ఇలాంటి గార్డులపై చర్య తీసుకోమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. అవి దెబ్బను నేరుగా ఛాసిస్‌కు పంపి, ఎయిర్‌బ్యాగులు తెరుచుకునే లెక్కను చెడగొడతాయి. ఆ రంధ్రాలున్న బంపర్‌లో చెవులు కూడా వదులై ఉండవచ్చు.

బంపర్ ఎంత మంచిదైనా, కారు వైపు తప్పుంటే కూర్చోదు. నిందపడేది మాత్రం బంపర్ మీదే. దెబ్బ తిన్న కారులో తొడుగు ఊడదీశాక లోపలి దూలం వంగిందా, కొమ్ముల చివరలు నలిగాయా చూడాలి. ఒకే రకమైన రెండు బోల్టుల నుంచి కుడి కొమ్ముకు, ఎడమ కొమ్ముకు టేపు పట్టి పోల్చితే ఎంత లోపలికి పోయిందో తెలుస్తుంది. ఫెండర్ కింది మూల బ్రాకెట్లు చవకైన ప్లాస్టిక్ ముక్కలే అయినా మూలల గ్యాప్ మొత్తం వాటి చేతిలో ఉంటుంది. వాటిని, క్లిప్పులను ఎప్పుడూ కొత్తవే వేయాలి. పాత క్లిప్పు ఒకసారి ఊడాక పట్టు తగ్గుతుంది. హెడ్‌లైటు చెవి విరిగి లైటు ముందుకు పొడుచుకొచ్చినా బంపర్ దానికి తగిలి కిందికి దిగుతుంది.

దూలం, నురుగు దిమ్మె సంగతి వేరు. తొడుగు పాతదైతే పోయేది అందం. దూలం పాతదై, ఒకసారి వంగి మళ్లీ సాగగొట్టినదైతే పోయేది రక్షణ. వంగిన లోహం నిటారుగా కనిపించినా ముందున్న బలంతో ఉండదు, తర్వాతి దెబ్బకు అంచనా వేసిన తీరుగా నలగదు. నురుగు దిమ్మె ఒకసారి నలిగితే దాని పని అయిపోయినట్టే. ఈ రెండింటినీ కొత్తవే కొనాలి. తొడుగులో మిగిలిన డబ్బును వీటికి పెట్టడం సరైన లెక్క.

ఇవన్నీ చూశాక చేయాల్సిన పని, రంగు వేయకముందే బంపర్‌ను కారుకు పెట్టి చూడటం. స్క్రూలన్నీ గట్టిగా బిగించకుండా ముందు మధ్యలో, తర్వాత పై అంచున, చివరగా మూలల్లో పెట్టుకుంటూ రావాలి. మూల మొదట బిగిస్తే ఒకవైపు గ్యాప్ తినేసి రెండోవైపు పెరుగుతుంది. బోనెట్ మూసి రెండు వైపులా గ్యాప్ చూడాలి. మిల్లీమీటర్ల లెక్కకన్నా కుడి, ఎడమ ఒకేలా ఉండటం ముఖ్యం. ముందు చక్రాలను రెండు వైపులా పూర్తిగా తిప్పి, గూట్లోని ప్లాస్టిక్ చక్రానికి రాసుకోవడం లేదని చూడాలి. పాలీప్రొపిలీన్ మీద రంగు సులువుగా అంటదు. ప్లాస్టిక్ కోసం ఉద్దేశించిన అంటుడు ప్రైమర్ వేసి, దాని మీద రంగు, క్లియర్ కోటు వేయాలి. ఈ పనికి అయ్యే కూలి పాత బంపర్ ధరతో పోటీ పడుతుంది. రంగు వేసిన బంపర్‌ను ఏ దుకాణమూ వెనక్కి తీసుకోదు. అందుకే రంగుకు ముందే తేల్చుకోవాలి, కలవకపోతే ఎన్ని రోజుల్లో వెనక్కి తీసుకుంటారో డబ్బు ఇవ్వకముందే మాట్లాడుకోవాలి.

తెచ్చే దారిలో కూడా బంపర్ పాడవుతుంది. కారు టాప్ మీద బోర్లా పెట్టి తాడుతో బిగిస్తే, హైదరాబాద్ నుంచి మోత్కూర్ చేరేలోపు ఎండకు వేడెక్కి తాడు పడినచోట నొక్కుకుపోతుంది, రెక్కలు విచ్చుకుంటాయి. దుప్పటి చుట్టి, ట్రాలీ ఆటోలో బంపర్ తీరుగానే నిలబెట్టి, రెక్కల మీద బరువు పడకుండా తేవాలి.

కాగితాల మాట చివరిదే అయినా చిన్నది కాదు. పాత విడిభాగాలు ప్రమాదాల్లో చెడిన కార్ల నుంచి, తుక్కు చేసిన కార్ల నుంచి వస్తాయి, దొంగ బండ్ల నుంచి కూడా వస్తాయి. వాహనాలను తుక్కు చేసే నమోదిత కేంద్రాలకు 2021 సెప్టెంబరులో కేంద్రం నిబంధనలు తెచ్చింది. అలాంటి చోట విప్పిన కారుకు కాగితాల జాడ ఉంటుంది. దొంగ సొత్తని తెలిసి, లేదా అలా నమ్మడానికి కారణం ఉండి కూడా కొన్నవారికి భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ వర్తిస్తుంది. దుకాణం పేరు, తేదీ, ఏ మోడల్ కారుదో, కలవకపోతే వెనక్కి తీసుకునే గడువు ఎంతో రాసిన బిల్లు అడిగి తీసుకోవాలి. ఇవ్వని చోట ధర సగమైనా కొనవద్దు. ఆ బిల్లును కారు అమ్మేదాకా ఆర్‌సీ, ఇన్సూరెన్స్ కాగితాలతో పాటు ఉంచుకోవాలి.